డిఫ్తీరియా నుంచి కోలుకున్నాక కూడా టీకా ఎందుకు వేయాలి?

నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని పెద్దవాళ్లు కోరంటి దవాఖానా అనేవారు. డిఫ్తీరియా (కంఠసర్పి) వల్ల గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరాడని పిల్లలను హైదరాబాద్ తల్లిదండ్రులు ఎత్తుకుని పరుగెత్తేది అక్కడికే. జబ్బు విషానికి విరుగుడైన యాంటీటాక్సిన్ ఎక్కించి, యాంటీబయాటిక్ ఇచ్చి, గుండె దెబ్బతినకుండా కనిపెట్టుకుని ఉండి, తగ్గాక ఇంటికి పంపుతారు. ఒకసారి వచ్చిపోయింది కదా, ఇక రాదులే అని ఇంట్లోవాళ్లు టెన్షన్ వదిలేస్తారు. అలా వదిలేయడం ప్రమాదం.

ఈ జబ్బులో ప్రాణం తీసేది సూక్ష్మజీవి వదిలే విషమని 1888లో పారిస్‌లో ఎమిల్ రూ, యెర్సిన్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. ఆ విషాన్ని తట్టుకున్న జంతువు సీరంలో (రక్తంలోని కణాలు తీసేస్తే మిగిలే ద్రవంలో) విరుగుడు ఉంటుందని, దాన్ని మరో జంతువుకు ఎక్కించినా పనిచేస్తుందని 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో తేల్చారు. 1894లో రూ గుర్రాల సీరంతో పిల్లలకు వైద్యం చేశారు. వైద్యంలో మొట్టమొదటి నోబెల్, 1901లో, బేరింగ్‌కు దక్కింది ఈ పనికే. ఇప్పటికీ యాంటీటాక్సిన్ ప్రధానంగా గుర్రాల నుంచే వస్తోంది.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఆ సీరంలో విషాన్ని పట్టుకునే యాంటీబాడీలు బిడ్డవి కావు, గుర్రానివి. రక్తంలో మిల్లీలీటరుకు 0.1 అంతర్జాతీయ యూనిట్లు ఉంటే రక్షణ ఉన్నట్టు, 0.01 కన్నా తగ్గితే లేనట్టు లెక్క. ఎక్కించే డోసేమో వేల యూనిట్లలో ఉంటుంది. కాబట్టి సీరం ఇచ్చాక పరీక్ష చేస్తే స్థాయి బ్రహ్మాండంగా కనిపించవచ్చు. బిడ్డ సొంత రక్షణ తెలియాలంటే మందు ఎక్కించకముందే రక్తం తీయాలి. అరువు యాంటీబాడీలు కొన్ని వారాల్లో కరిగిపోతాయి. పైగా అవి రక్తంలో తిరిగే విషాన్నే పట్టుకోగలవు, కణాల్లోకి చేరిన విషాన్ని ఏమీ చేయలేవు. జబ్బు చేసినంత మాత్రాన శరీరం తనంతట తాను చాలినంత యాంటీబాడీలు తయారు చేసుకుంటుందన్న భరోసా కూడా లేదు.

ఆ పని చేయించేది టాక్సాయిడ్ టీకా, అంటే హాని చేయకుండా మార్చిన విషంతో చేసే టీకా. 1923లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త రామోన్ దాన్ని రూపొందించారు. మన దేశంలో 1978లో దాన్ని డీపీటీగా (డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు కలిపి ఇచ్చే టీకాగా) పిల్లలకు వేయడం మొదలైంది. అయినా 2003–2006 మధ్య హైదరాబాద్‌లో డిఫ్తీరియా ఎక్కువగా వచ్చింది 5–19 ఏళ్ల వాళ్లకే. పసితనంలో వేసిన టీకా బలం తగ్గే వయసది. బూస్టర్లు ఉన్నది అందుకే: ఏడాదిన్నర ప్రాంతంలో ఒకటి, ఐదో ఏట ఇంకొకటి, ఆపై 10, 16 ఏళ్లకు టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియాలకు కలిపి ఇచ్చే టీకా). డిఫ్తీరియా నుంచి కోలుకున్న బిడ్డకూ వయసును బట్టి టీకా పూర్తిచేయాలి. డిశ్చార్జి రోజున తల్లిదండ్రులు డాక్టరును ముందుగా అడగాల్సింది దీని గురించే.