తాతయ్య గురక ఎందుకు ఆగింది?

చిన్నూ, బుజ్జీ,

నేను మీ ఇంటికొచ్చిన రాత్రి నా గురక ఉన్నట్టుండి ఆగిపోయిందట. మళ్ళీ ‘ఘుర్ర్’మనేదాకా మీరిద్దరూ దుప్పట్లో అంకెలు లెక్కపెట్టారని అమ్మ చెప్పింది. పద్నాలుగు దాకా వచ్చాయట! ‘అంతసేపూ తాతయ్య మెదడుకి గాలెలా?’ అని బుజ్జి అడిగిందట. నేను డాక్టర్ని అడిగిందీ అదే.

చిన్నప్పుడు నేను లాంతరు దగ్గర చదువుకునేవాణ్ణి. ఏమవుతుందో చూద్దామని ఓసారి చిమ్నీ మీద పలక మూతపెట్టాను. మంట కుంగింది, ఎర్రబడింది, గాజంతా మసిపట్టింది. తర్వాత నా వీపు విమానం మోత మోగిందనుకోండి, అది వేరే కథ.

మెదడూ అలాంటి దీపమే. ఒంటి బరువులో నూటికి 2 వంతులే ఉంటుంది కానీ, ఒళ్ళంతా వాడే ఆక్సిజన్‌లో ఐదో వంతు దానికే కావాలి. నిద్రలోనూ దానికి సెలవు లేదు. గొంతు దాని చిమ్నీ. వయసు మీదపడితే గొంతు కండరాలు సడలుతాయి. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది. దారి ఇరుకైతే గురక, పూర్తిగా మూసుకుంటే నిశ్శబ్దం. అది 10 సెకన్లు దాటితే డాక్టర్లు లెక్కలో వేస్తారు, మళ్ళీ మళ్ళీ ఇలాగే ఆగుతుంటే స్లీప్ ఆప్నియా అంటారు. రక్తంలో ఆక్సిజన్ మెల్లగా తగ్గుతుంది.

ఇక్కడ నా లాంతరు పనికిరాదు. లాంతరు తన మూత తాను తీసుకోలేదు కదా! మెదడు తీసుకుంటుంది. ముందు తనవైపు ఎక్కువ రక్తం రప్పించుకుంటుంది. అదీ చాలకపోతే నిద్రని ఒక్క క్షణం చెదరగొట్టి గొంతు తెరిపిస్తుంది. మీరు విన్న ‘ఘుర్ర్’ అదే. పొద్దున్న నాకేమీ గుర్తుండదు. నేను నిద్రపోతుంటే నాలో మేలుకుని ఉన్నదెవరో, ఎంత ఆలోచించినా అంతు చిక్కదు.

రాత్రంతా ఇదే తంతయితే మాత్రం పగలు కునికిపాట్లు, మతిమరుపు. నెత్తిన కళ్ళజోడు పెట్టుకుని ఇల్లంతా వెతికాను కదా!

డాక్టరు రాత్రికి వేలికి పెట్టుకోమని క్లిప్పు ఇచ్చారు. నాడి కొట్టుకోవడాన్ని ఆసరా చేసుకుని రక్తంలో ఆక్సిజన్‌ని వెలుగుతో కొలిచే ఆ ఉపాయం 1974 ప్రాంతంలో జపాన్ ఇంజనీరు తకువో అవోయాగి కనిపెట్టారు. మెదడు సంగతి చూడాలంటే నుదుటికి అంటించే పట్టీ వేరే ఉందట.

వచ్చే వారం వస్తున్నాను. నన్ను లేపకుండా, నా పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తుందో గడియారం చూసి నిమిషం పాటు లెక్కపెట్టండి. ఊపిరి ఆగితే ఎన్ని సెకన్లో కాగితం మీద రాయండి. ఆ కాగితం డాక్టరుకి చూపించాలి.

మీ
తాతయ్య