వైరస్ నరంలోకి చేరకముందే

తిరుపతి బస్టాండు దగ్గరో, తిరుచానూరు వీధిలోనో ఒకరికి మడమ మీద కుక్క కాటు పడిందనుకుందాం. ఆ కుక్కకు రేబిస్ ఉంటే దాని జొల్లులోని వైరస్ అప్పటికే కండలోకి దిగిపోయి ఉంటుంది. అయినా అది మెదడుకు చేరడానికి చాలా రోజులు పడుతుంది. నరం లోపల అది రోజుకు సుమారు 5 నుంచి 10 సెంటీమీటర్లు మాత్రమే పాకుతుంది. నరం ఎక్కేముందు చాలాసార్లు కండలోనే కొన్ని వారాలు ఉండిపోతుంది కూడా. అందుకే ఎక్కువ మందిలో కాటుకీ జబ్బు లక్షణాలకీ మధ్య ఒకటి నుంచి మూడు నెలల ఎడం ఉంటుంది. వారం రోజుల్లోనే బయటపడ్డ కేసులున్నాయి, ఏడాది దాటాక బయటపడ్డవీ ఉన్నాయి. ముఖం మీద, చేతివేళ్ల మీద కాటు పడితే గడువు తగ్గిపోతుంది. ముఖం నుంచి మెదడుకు దూరం తక్కువ, వేళ్లలో నరాలు దట్టం. చిన్నపిల్లల ఎత్తుకు కుక్క నోరు ముఖానికే అందుతుంది కాబట్టి వాళ్ల విషయంలో ఒక్క రోజు కూడా ఉపేక్షించకూడదు.

ఇంత నెమ్మదిగా కదిలే వైరస్‌ను ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఎందుకు పట్టుకోలేకపోతోంది? రేబిస్ వైరస్ తుపాకి గుండు ఆకారంలో ఉంటుంది. సుమారు 12 వేల అక్షరాల ఆర్‌ఎన్‌ఏ అనే జన్యు పదార్థం, అయిదంటే అయిదు ప్రొటీన్లు, దాని సరంజామా ఇంతే. పైపొర మీద ముళ్లలా ఉండే ‘జి’ ప్రొటీన్‌తో నరమూ కండా కలిసే చోట అతుక్కుని లోపలికి జారుకుంటుంది. నరకణంలో చివరి నుంచి కేంద్రం వైపు సరుకు మోసే డైనీన్ అనే ప్రొటీన్ ఒకటుంది. వైరస్ దాని మీదే ఎక్కి వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు వెళ్తుంది. కణానికి వైరస్ సోకిందని కేకవేసి చెప్పేది ఇంటర్‌ఫెరాన్. దాని నోరు నొక్కే పని ‘పి’ ప్రొటీన్‌ది. వైరస్ రక్తంలోకి రాదు, దారి పొడవునా నరకణాలను చంపదు, వాపూ పెద్దగా తేదు. ఫిర్యాదే లేనప్పుడు పోలీసులు ఎందుకొస్తారు? జబ్బు లక్షణాలు మొదలయ్యేదాకా చాలామంది రోగుల రక్తంలో వైరస్‌ను పట్టుకునే యాంటీబాడీలు కూడా కనిపించవు.

ఈ నెమ్మదితనమే మనిషికి చిక్కిన అవకాశం. మామూలుగా టీకా జబ్బు తగలకముందు వేయాలి. రేబిస్‌లో మాత్రం తగిలాక వేసినా పని చేస్తుంది. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు ఇప్పించింది అలాంటి టీకానే. వైరస్ ఎక్కించిన కుందేళ్ల వెన్నుపామును ఆరబెట్టి, బాగా ఎండినదానితో మొదలుపెట్టి రోజురోజుకూ తాజాదాని వైపు వెళ్లారు. మన దేశంలో 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ గొర్రె మెదడులో పెంచిన వైరస్‌ను ఫినాల్ అనే రసాయనంతో చంపి టీకా చేశాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుని భయపడేది దాన్ని గురించే. ఆ భయం ఉట్టిది కాదు. గొర్రె మెదడులో నరాలకు తొడుగులా ఉండే మైలిన్ మనిషి ఒంట్లోకి వెళ్తే, రక్షణ వ్యవస్థ సొంత నరాల మీదే విరుచుకుపడి కొందరికి కాళ్లూ చేతులూ పడిపోయేవి. 2004 చివరికి ఆ టీకాను మన దేశంలో ఆపేశారు. ఇప్పుడు వేసేవి కోతి మూత్రపిండం నుంచి వచ్చిన వీరో కణాల్లోనో, కోడిగుడ్డు పిండ కణాల్లోనో పెంచి చంపిన వైరస్‌తో చేసినవి. భుజానికే వేస్తారు, బొడ్డుకు కాదు. ‘పద్నాలుగు సూదులు’ అని ఝడిసి ఆసుపత్రికి పోనివాళ్లు మాత్రం ఈనాటికీ ఉన్నారు.

టీకాతోనే పని అయిపోతుందా అంటే, కాదు. టీకా వేశాక ఒంట్లో చాలినన్ని యాంటీబాడీలు తయారు కావడానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. రక్తం కారిన గాయంలో ఆ లోపే వైరస్ నరం ఎక్కేయొచ్చు. ఆ ఖాళీని పూడ్చేది రెండే రెండు: సబ్బునీళ్లు, గాయంలో ఎక్కించే సీరం, అంటే ముందే తయారై ఉన్న యాంటీబాడీలు.

సబ్బునీళ్ల మాట చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఈ వైరస్ చుట్టూ ఉండేది కొవ్వు పొర. సబ్బు ఆ పొరను కరిగించేస్తుంది, పొర పోతే వైరస్ చచ్చినట్టే. ధారగా పడే నీటి కింద గడియారం చూసుకుంటూ 15 నిమిషాలు కడగాలి. రెండు నిమిషాలు కడిగి ‘కడిగాం’ అంటే లెక్కలోకి రాదు. తర్వాత అయోడిన్ రాయొచ్చు. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి పెడితే గాయం ఇంకా రేగి వైరస్‌ను లోతుకు నెట్టినట్టవుతుంది. పైగా ఆసుపత్రిలో వాటినంతా మళ్లీ గీకి తీయాలి. గాయానికి వెంటనే కుట్లు వేయడమూ పొరపాటే, సూది పోయిన దారిన వైరస్ కూడా పోతుంది. రక్తం ఆగక కుట్టక తప్పదనుకుంటే ముందు సీరం ఎక్కించి, కొంత వ్యవధి తర్వాత వదులుగా ఒకటి రెండు కుట్లతో సరిపెట్టాలి.

సీరం దగ్గర తప్పులు ఇంకా ఎక్కువ. గుర్రాలకు టీకా వేసి వాటి రక్తం నుంచి తీసినదైతే కిలో బరువుకు 40 యూనిట్లు, మనిషి రక్తం నుంచి తీసినదైతే 20 యూనిట్లు. అరవై కిలోల మనిషికి గుర్రం సీరం 2,400 యూనిట్లు కావాలి. ఎంఎల్‌కు 300 యూనిట్లున్న మందైతే అది 8 ఎంఎల్. దాన్ని చేతికో పిరుదుకో పొడిచి పంపితే దాదాపు దండగే. పళ్లు దిగిన ప్రతి చోటా, గాయం అంచుల్లోనూ అడుగునా ఎక్కాలి. వైరస్ ఉన్నది అక్కడే కదా. పసిపిల్లకు ఒళ్లంతా కాట్లుంటే బరువును బట్టి వచ్చే మందు అన్ని గాయాలకూ చాలదు. అప్పుడు డోసు పెంచకూడదు, సెలైన్ కలిపి రెండు మూడింతలు పలచన చేసి అన్నిటికీ సర్దాలి. వేలి కొసన మాత్రం కొద్దికొద్దిగా ఎక్కించాలి. అక్కడ చోటు తక్కువ, ఒత్తిడి పెరిగితే రక్తం ఆడదు. టీకా, సీరం ఒకే సిరంజిలో కలపకూడదు, ఒకే చోట వేయకూడదు. మొదటి రోజు సీరం దొరక్కపోతే టీకా మొదలుపెట్టిన ఏడో రోజు వరకూ ఎక్కించవచ్చు. ఆ తర్వాత అక్కర్లేదు, అప్పటికి ఒంట్లో సొంత యాంటీబాడీలు వస్తుంటాయి.

గుర్రం సీరం కొందరికి పడదు కాబట్టి, అలా జరిగితే వెంటనే ఇచ్చే అడ్రినలిన్ మందును పక్కనే పెట్టుకుని ఎక్కించాలి. మనిషి సీరం ఖరీదెక్కువ, దొరకడమూ కష్టమే. ఈ రెండు చిక్కులూ తప్పించడానికి శాస్త్రవేత్తలు పట్టుకున్న దారి మోనోక్లోనల్ యాంటీబాడీలు. జి ప్రొటీన్‌లో ఒక నిర్ణీత స్థలాన్నే పట్టుకునే ఒకే రకం యాంటీబాడీని కణాల్లో పెంచి తీస్తారు. గుర్రం అక్కర్లేదు, రక్తదాత అక్కర్లేదు, ఏ బ్యాచ్ చూసినా ఒకేలా ఉంటుంది. మనుషుల్లో వాడటానికి ఇలాంటిది మొట్టమొదట బయటికి వచ్చింది మన దేశంలోనే, పూణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన రేబిషీల్డ్. దాని డోసు కిలోకు 3.33 యూనిట్లే. ఒకే స్థలాన్ని పట్టుకునే యాంటీబాడీకి ఒక బలహీనత ఉంది. ఆ స్థలం మారిన వైరస్ ఎదురైతే అది పట్టు తప్పుతుంది. అందుకే వేర్వేరు స్థలాలను పట్టుకునే రెండు యాంటీబాడీలను కలిపి అహ్మదాబాద్‌లోని జైడస్ మరో మందు తెచ్చింది. ఈ రకం మందులను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో తన సిఫారసుల్లో చేర్చింది.

ఇక టీకా వేసే తీరు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మం పొరలోకే వేస్తారు. రెండు భుజాలకూ చెరో 0.1 ఎంఎల్, అలా నాలుగు విడతలు. మొత్తం కలిపినా 0.8 ఎంఎల్ దాటదు. అదే కండకు వేస్తే అయిదు వయల్స్ పడుతుంది. సూది సరిగ్గా పొరలోకి దిగితే అక్కడ నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా చిన్న బుడిపె లేస్తుంది. బుడిపె లేవలేదంటే మందు కొవ్వులోకి జారిందన్నమాట, పక్కన మళ్లీ వేయాలి. వేయించుకునేవాళ్లు భుజం వైపు చూసుకుని బుడిపె రాలేదని అడగడంలో తప్పేమీ లేదు. పొడి మందులో నీరు కలిపాక 2 నుంచి 8 డిగ్రీల చలిలోనే ఉంచి, ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపు వాడేయాలి. మిగిలితే పారబోయడమే. చీటీ మీద 0, 3, 7, 28 అని రాసి ఉంటుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే. సున్నా అంటే కుక్క కరిచిన రోజు కాదు, మొదటి సూది పడిన రోజు. అది ఒకటో తేదీ అయితే తర్వాతివి 4, 8, 29 తేదీల్లో పడాలి.

తిరుపతిలో ఈ తేదీల గొడవ మరీ ఎక్కువ. కొండకు వచ్చినవాళ్లకు ఇక్కడ కాటు పడుతుంది, మొదటి సూది రుయా ఆసుపత్రిలోనో మరో చోటో పడుతుంది, నాలుగో తేదీకి వాళ్లు శ్రీకాకుళంలోనో చెన్నైలోనో ఉంటారు. నొప్పి తగ్గిపోయి ఉంటుంది, చీటీ సంచిలో ఎక్కడో ఉంటుంది. ఏ ఊళ్లోనైనా ప్రభుత్వ ఆసుపత్రికి చీటీ పట్టుకుపోతే మిగతా సూదులు వేస్తారు. టీకా కంపెనీ మారినా ఫర్వాలేదు. ఒక తేదీ తప్పితే మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, వీలైనంత త్వరగా ఆగిన చోటు నుంచి సాగించాలి. కరిచింది ఇంటి కుక్కో తెలిసిన కుక్కో అయితే పది రోజులు దాన్ని కనిపెట్టి ఉండాలి. జొల్లులో వైరస్ ఉన్న కుక్క పది రోజుల్లోపే జబ్బుపడి చచ్చిపోతుంది. అలాగని ఆ పది రోజులూ టీకా ఆపి కూర్చోకూడదు. సూదులు నడుస్తూ ఉండాలి, కుక్క బాగుంటే అప్పుడు ఆపొచ్చు.

చిత్తూరు జిల్లా పాలమీద బతికే జిల్లా, కాబట్టి ఆవులూ ఎనుముల సంగతీ చెప్పుకోవాలి. రేబిస్ వచ్చిన ఆవు కరవడానికి మీదికి రావడం అరుదు. మేత మానేస్తుంది, బొంగురు గొంతుతో అదేపనిగా అరుస్తుంది, జొల్లు కారుస్తుంది, మింగలేకపోతుంది. గొంతులో టెంకో దుంపో అడ్డుపడిందనుకుని రైతు నోట్లోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతుకుతాడు. ప్రమాదమంతా అక్కడే, చేతి మీద చిన్న గీరుడున్నా చాలు. జొల్లు కారే పశువు నోట్లో చేతి తొడుగు లేకుండా చెయ్యి పెట్టకూడదు. పెట్టి ఉంటే కుక్క కరిచినట్టే భావించి సూదులు వేయించుకోవాలి. ఆ ఆవు పాలు తాగామని ఊరు ఊరంతా ఆసుపత్రికి పరుగెత్తడమూ చూస్తుంటాం. కాచిన పాలలో ఈ వైరస్ బతకదు. జబ్బు పశువు పాలు వాడకూడదన్నది నిజమే, కాచి తాగినవాళ్లకు మాత్రం భయం అక్కర్లేదు. పశువును కుక్క కరిచిందని తెలిస్తే దానికీ గాయం కడిగి, 0, 3, 7, 14, 28 రోజుల్లో టీకా వేయించవచ్చు.

ఇదంతా వైరస్ నరంలోకి చేరకముందు సంగతి. చేరాక చేతిలో ఏముంది? నీళ్లు చూస్తే గొంతు బిగుసుకుపోవడం, గాలి తగిలినా ఉలిక్కిపడటం మొదలయ్యాక రోగి సాధారణంగా రెండు వారాల్లోపే చనిపోతాడు. ప్రపంచంలో ఏటా సుమారు 59 వేల మంది ఇలా పోతున్నారని అంచనా, అందులో మూడో వంతుకు పైగా మన దేశంలోనే.

2004లో అమెరికాలోని మిల్వాకీలో గబ్బిలం కరిచిన పదిహేనేళ్ల అమ్మాయి టీకా లేకుండానే బతికింది. డాక్టర్లు ఆమెను మందులతో కోమాలోకి పంపి, కెటమిన్, అమాంటడిన్, రైబావిరిన్ ఇచ్చారు. మెదడును నిద్రపుచ్చి, సొంత రక్షణ వ్యవస్థ అందుకునేదాకా కాలం కొనిపెట్టడం వాళ్ల ఆలోచన. అప్పట్లో మందు దొరికిందని ప్రపంచమంతా చెప్పుకుంది. తర్వాత అదే పద్ధతిని ఎన్నో దేశాల్లో పదేపదే ప్రయత్నించారు, దాదాపు అందరూ చనిపోయారు. నిజానికి ఆమె ఆసుపత్రిలో చేరేసరికే ఒంట్లో యాంటీబాడీలున్నాయి, వైరస్ మాత్రం ఏ నమూనాలోనూ చిక్కలేదు. ఆమెను బతికించింది మందులు కాదు, ఆ యాంటీబాడీలేనని అనుకోవడమే సబబు. వైరస్‌ను నకలు తీసే ఎంజైమును అడ్డుకునే ఫావిపిరవిర్ కూడా ఎలుకల్లో తొందరగా ఇచ్చినప్పుడు పని చేసింది, రోగుల దగ్గర నిలబడలేదు.

అసలు అడ్డు మెదడు చుట్టూ రక్తనాళాల్లో ఉండే కట్టడి. రక్తంలోకి ఎన్ని యాంటీబాడీలు ఎక్కించినా అందులో చాలా కొద్ది మాత్రమే మెదడులోకి దాటుతుంది. అందుకే 2023లో అమెరికా పరిశోధకులు ప్రచురించిన ఒక ఫలితం ఆసక్తి రేపింది. లక్షణాలు మొదలైన ఎలుకలకు ఎఫ్11 అనే మోనోక్లోనల్ యాంటీబాడీని ఒక్క డోసు ఇస్తే అవి బతికాయి. యాంటీబాడీ తానే వైరస్‌ను పట్టుకోవడం ఒక్కదానివల్లే జరిగింది కాదది. రక్షణ వ్యవస్థలోని సీడీ4 టి కణాలను తీసేసిన ఎలుకల్లో ఆ ఫలితం రాలేదు. అంటే నిద్రపోతున్న రక్షణ వ్యవస్థను అది తట్టిలేపి మెదడు వైపు పంపుతోందన్నమాట. మిల్వాకీ అమ్మాయి సంగతికీ దీనికీ పొంతన కుదురుతోంది.

ఎలుకల నుంచి మనుషులకు రావడమే పెద్ద చిక్కు. రోగిలో ఇలాంటి మందును పరీక్షించాలంటే ముందు అది రేబిసేనని బతికుండగానే తేల్చాలి. ఒక్క జొల్లు నమూనాలో వైరస్ లేకపోతే లేదని అనుకోవడానికి వీల్లేదు, విడతలుగా వస్తుంది కాబట్టి మూడు తీయాలి. మెడ వెనక జుట్టు మొదలయ్యే చోట కనీసం పది వెంట్రుకల కుదుళ్లు వచ్చేలా చిన్న చర్మం ముక్క కోయాలి, కుదుళ్ల చుట్టూ ఉన్న నరాల్లో వైరస్ దాక్కుంటుంది. వాటిని చలిలో పెట్టి బెంగళూరులోని నిమ్‌హాన్స్ లాంటి ప్రయోగశాలకు పంపి, ఆర్‌ఎన్‌ఏ పరీక్ష ఫలితం వచ్చేసరికి రోగికి మిగిలే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చాలా కుటుంబాలు అప్పటికే ఆశ వదులుకుని మనిషిని ఇంటికి తీసుకుపోయి ఉంటాయి. కాబట్టి ఆ మందు ఎప్పుడు వచ్చినా, పరీక్ష జరగాల్సింది రోగులు దాదాపు కనిపించని అమెరికాలో కాదు, మన దగ్గరి ఆసుపత్రుల్లో. నమూనా తీసే చేయి, గంటల్లో జవాబిచ్చే ల్యాబు, ఐసీయూలో ఒక పడక, ఈ మూడూ ఒకే ఊళ్లో ఉంటే తప్ప ఆ పరీక్ష మొదలు కాదు.