రంగు కాదు, పొట్ట కింద చూడండి: అక్వేరియం చేపల్లో ఆడ-మగ అపోహలు, వాస్తవాలు

చేపలమ్మే షాపులో రోజూ వినే మాట: "ఒక జత ఇవ్వండి అన్నా, ఒకటి ఆడ, ఒకటి మగ." ఇవ్వొచ్చు. కానీ అన్ని చేపల్లోనూ ఆ సంగతి పైకి కనిపించదు.

అపోహ: రంగులుంటే మగ, లేకపోతే ఆడ.
గప్పీల్లో చాలావరకు నిజమే. మోలీ, ప్లాటీల్లో మాత్రం రంగును బట్టి ఏమీ తేలదు. పొట్ట కింద, మలద్వారం వెనకున్న రెక్క చూడండి. ఆడదానికి అది విచ్చుకుని వెడల్పుగా ఉంటుంది. మగదానికి సన్నటి పుల్లలా వెనక్కి వాలి ఉంటుంది. దాన్ని గోనోపోడియం అంటారు. చేప పక్కకి తిరిగేదాకా ఓపిక పడితే చాలు, వల వేసి పట్టనక్కర్లేదు. మరీ చిన్న పిల్లల్లో ఈ తేడా రాదు, వాటిని చూసి ఎవరు ఏం చెప్పినా ఊహే.

అపోహ: మగది లేకుండా గప్పీ పిల్లలు పెట్టదు.
షాపు తొట్టిలోనే జతకట్టి వచ్చి ఉంటుంది. వీర్యాన్ని నెలల తరబడి దాచుకుని విడతలవారీగా పిల్లలు పెడుతుంది.

అపోహ: పొట్టి రెక్కల ఫైటర్ ఆడదే.
ప్లకాట్ రకంలో మగవాటికీ రెక్కలు పొట్టివే. గుడ్లకొచ్చిన ఆడదానికి పొట్ట కింద చిన్న తెల్ల చుక్క పొడుచుకొస్తుంది.

అపోహ: గోల్డ్‌ఫిష్ మీద తెల్ల చుక్కలంటే జబ్బే.
దీనికే ఎక్కువమంది టెన్షన్ పడి మందు పోసేస్తారు. ముందు చుక్కలు ఎక్కడున్నాయో చూడండి. మొప్పల మూతల మీద, ఛాతీ పక్క రెక్కల ముందు అంచున మాత్రమే వరసగా ఉండి, చేప హుషారుగా తింటుంటే అది జతకట్టే కాలానికొచ్చిన మగది. ఒళ్లంతా, తోక దాకా చల్లినట్టుండి, చేప రాళ్లకేసి రుద్దుకుంటుంటే ఇచ్ జబ్బు. అప్పుడు మందు వేయాల్సిందే.

అపోహ: ఏంజెల్స్ గుడ్లు పెట్టాయంటే ఆడ-మగ జత కుదిరినట్టే.
మగది లేనప్పుడు రెండు ఆడవి కూడా జతగా తిరిగి గుడ్లు పెడతాయి. ఆ గుడ్లన్నీ ఒకట్రెండు రోజుల్లో తెల్లబడిపోతాయి. గుడ్లు పెట్టే సమయంలో కిందకి కనిపించే గొట్టం మగదానికి సన్నగా మొనదేలి, ఆడదానికి లావుగా మొద్దుగా ఉంటుంది. మిగతా రోజుల్లో నాకూ అనుమానమే. అందుకే ఐదారు పిల్లల్ని కొని, పెరిగాక వాటినే జత కట్టనివ్వమంటాను. "కన్ఫర్మ్‌డ్ జత" అని ఎవరైనా ఎక్కువ రేటు చెబితే, వాటి గుడ్లు పొదిగి పిల్లలయ్యాయా అని అడగండి.