అమ్మ చెవుల్లో చీపురు పుల్లలు

కడప, ఎర్రముక్కపల్లె

చిరంజీవులు స్వాతికి, చిన్నూకు జేజి ఆశీస్సులు.

మొన్న స్వాతి ఫోనులో అడిగింది కదా, "బొమ్మ వేద్దామని కూర్చుంటే ఒక్క ఆలోచనా రావడం లేదు జేజీ, గొప్పవాళ్లకు ఎలా వస్తాయి?" అని. పొయ్యి మీద సంగటి ఉందని పెట్టేశాను. అయినా అది ఫోనులో తేలే సంగతి కాదు.

ఎండాకాలం సెలవుల్లో మిమ్మల్ని బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకెళ్లాను, గుర్తుందా? ఐస్‌క్రీము కోసం చిన్నూ పేచీ పెట్టిన చోటు. అక్కడే ఒకప్పుడు సి.పి. బ్రౌన్ బంగళా ఉండేది. 1820లో కడపకు కొలువుకు వచ్చేనాటికి ఆయన తెలుగు అంతంతమాత్రమే. పై అధికారి హాన్‌బరీ ఇక్కడివాళ్లతో తెలుగులో గలగలా మాట్లాడుతుంటే చూసి పంతం పుట్టింది. కొన్నేళ్లకు వేమన పద్యాలు కంటపడ్డాయి. ఊరి జనం నోట నానుతున్నా పండితులు పెద్దగా లెక్కచేయని పద్యాలవి. ఇవి పోకూడదు అనుకున్నాడు. ఆయనకు మెరుపులా తట్టిన ఆలోచన ఏదైనా ఉంటే అది అదొక్కటే. తర్వాతిదంతా చాకిరీ.

ఒక పుస్తకానికి పదీ పన్నెండు రాతప్రతులు తెప్పించేవాడు. దేన్ని చూసినా తప్పుల తడకే. ఒకదాన్ని కాగితం మీద ఎత్తి రాయించి, పద్యాలకు అంకెలు వేయించి, పుట విడిచి పుట ఖాళీగా ఉంచేవాడు. పండితులు ముగ్గురు కూర్చుని ప్రతులు చదువుతూ ఏ పాఠం సరైనదో వాదించుకుంటూ ఉంటే, తేలిన మాట ఆ ఖాళీ పుటలోకి ఎక్కేది. వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి. తెలుగు నిఘంటువు వచ్చేసరికి 1852. స్వాతీ, నువ్వు తెల్ల కాగితం ముందు కూర్చున్నది అరగంట!

పండితులకు, రాయసగాళ్లకు జీతాలు ఆయన సొంత డబ్బే. చాలక అప్పులు చేశాడు. కానీ ఆ అప్పులు ఆయనవి, తీర్చుకునే బాధా ఆయనదే. మా నాన్న అప్పులు వేరు.

మా నాన్న పద్య నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. వరసలు కట్టడంలో దిట్ట. ఒకసారి ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలుతున్న రైతు పక్కన పొద్దంతా కూర్చున్నాడు. ఎద్దులు దిగువకు నడుస్తుంటే బాన పైకి వస్తుంది, అప్పుడు పాట సాగుతుంది. నీళ్లు కాలువలో పడి ఎద్దులు వెనక్కి నడుస్తున్నప్పుడు పాట ఆగుతుంది. ఆ ఆగడమే నాన్నకు నచ్చింది. ఆ రాత్రి నాటకంలో పద్యం మధ్య అంతసేపు పెట్టె ఆపేశాడట. జనం ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత ఈలలు వేశారట. పది ఊళ్లలో పేరు మోగింది.

ఆ హార్మోనియం అమ్మ కమ్మలు కుదువపెట్టి కొన్నది. రంధ్రాలు పూడిపోకుండా అమ్మ చెవుల్లో చీపురు పుల్లలు పెట్టుకునేది. కొనలు నల్లబడితే విరిచి కొత్తవి పెట్టుకునేది. ఆడవాళ్ల చెవులకు ఉండేవే అవి అనుకున్నాను నేను, బడికి వెళ్లేదాకా. తమ్ముడు పుట్టిన రాత్రి నాన్న ఏ ఊళ్లో ఆడుతున్నాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. మంత్రసానికి ఇవ్వడానికి చెనిక్కాయల మూట తప్ప ఏమీ లేదు. నాన్న చెడ్డవాడు కాడు. పెట్టె ముందు కూర్చుంటే మేము గుర్తురాము, అంతే. ఆయన్ను తలచుకుంటే నాకు ఇప్పటికీ గర్వమూ కోపమూ ఒక్కసారే వస్తాయి.

మన కడప సీమలోని తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య 32 వేల సంకీర్తనలు పాడాడని చెబుతారు. ఆయన భార్య తిమ్మక్క కూడా కవయిత్రే, తెలుగులో తొలి కవయిత్రి అని పేరు. మనకు మిగిలింది ఆమె రాసిన సుభద్రా కల్యాణం ఒక్కటి. ఆయన పాడుతున్నంతసేపు పొయ్యి దగ్గర ఎవరున్నారని పుస్తకాల్లో రాయరు. ముసలిదాన్ని, నాకు అలాంటివే తడతాయి.

స్వాతీ, పోయిన నెల నీ బొమ్మకు బహుమతి వచ్చినప్పుడు మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. ఆ వారమంతా నీ వంతు గిన్నెలు చిన్నూ తోమాడట, రెండు గ్లాసులు పగలగొట్టాడట. వాడికి ఆ బొమ్మ చూపించావా?

దసరాకు రండి. హార్మోనియం అటక మీదే ఉంది. రెండు మెట్లు పలకవు, తక్కినవి బాగానే ఉన్నాయి. దించడానికి చిన్నూ సాయం కావాలి, నా మోకాళ్లు నిచ్చెన ఎక్కనివ్వవు.

మీ జేజి