సబ్బు రేకులు, ఓట్స్ జావ

బుజ్జీ, చిన్నా,

మొన్న ఫోన్‌లో బుజ్జి అడిగిన ప్రశ్నకి "తర్వాత చెప్తాలే" అని తప్పించుకున్నాను. అసలు సంగతేమిటంటే అప్పటికి నాకూ తెలియదు. తెలుసుకోవడానికి నాలుగు రోజులు పట్టింది.

"తాతయ్యా, కొలెస్ట్రాల్ నీ రక్తంలో కదా ఉంది. ఓట్స్ పొట్టలోకి వెళ్ళి, అటునుంచి అటే బయటికి పోతాయి. మరి రక్తంలోది ఎలా తగ్గుతుంది?"

నా రిపోర్టు చూసి ఓట్స్ తినమన్నవాళ్ళు పదిమంది ఉన్నారు. ఈ మాట అడిగింది మాత్రం బుజ్జి ఒక్కతే. నిజమే, ఓట్స్‌లోని పీచు పోగంతైనా రక్తంలోకి వెళ్ళదు. మరి అక్కడిది ఇక్కడెలా తగ్గుతుంది?

దానికి నా చిన్నప్పటి దొంగతనం ఒకటి చెప్పాలి.

మా అమ్మ సబ్బుని వృథాగా పోనిచ్చేది కాదు. అరిగి అరిగి రేకులా అయిపోయాక దాన్ని తడిపి కొత్త సబ్బు వీపున అతికించేది. రెండు రోజులకి రెండూ ఒకటైపోయేవి. ఆ లెక్కన బీరువాలో దాచిన కొత్త సబ్బులకి పని తగిలేదే కాదు, గుట్టగా పడి ఉండేవి. నేనేం చేసేవాణ్ణంటే, అతికించక ముందే ఆ రేకుల్ని ఎత్తుకుపోయి గ్లాసు నీళ్ళలో కరిగించి బుడగలు ఊదేవాణ్ణి. పెద్ద బుడగ ఒకటి గోడ దాటి పోయిందంటే ఆ రోజుకి ఇక చదువు లేదు. పాపం అమ్మ, బీరువా తెరిచి కొత్త సబ్బు తీసేది. "ఈ ఇంట్లో సబ్బు ఎవరో తింటున్నారు" అని గొణుక్కునేది. నెల తిరిగేసరికి ఆ గుట్ట తరిగిపోయేది.

ఇప్పుడు అమ్మ స్థానంలో కాలేయాన్ని పెట్టండి. బీరువా అంటే రక్తం. మనం తిన్న నూనె, వెన్న నీళ్ళలో కలవవు కదా, వాటిని చిన్న చిన్న బొట్లుగా విడగొట్టడానికి పేగులకి ఒక సబ్బు కావాలి. అదే పైత్యరసం. కాలేయం ఆ సబ్బుని దేనితో చేస్తుందో తెలుసా? కొలెస్ట్రాల్‌తోనే! ఆ పేరులోనే పైత్యం ఉంది. ముందుగా దాన్ని పిత్తాశయంలోని రాళ్ళలో చూశారు. 1815లో షెవ్రూల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గ్రీకు భాషలోంచి 'పైత్యం', 'గట్టిది' అనే రెండు మాటలు కలిపి దానికి పేరు పెట్టాడు.

అసలు విశేషం ఇక్కడుంది. పని అయ్యాక ఆ సబ్బు పారిపోదు. చిన్న పేగు చివర్లో నూటికి 95 పాళ్ళు వెనక్కి పీల్చుకుని కాలేయం మళ్ళీ వాడుకుంటుంది. మా అమ్మకి ఈ కాలేయం గనక తెలిసి ఉంటే దాన్ని మాకు ఆదర్శంగా చూపించేది. అలా పొదుపు చేసినంతకాలం బీరువాలో సరుకు కదలదు. ఓట్స్, బార్లీ, చిక్కుడు జాతి గింజల్లో ఉండే జిగురు పీచు వచ్చి, నేను రేకులు ఎత్తుకుపోయినట్టు, ఆ సబ్బుని తనలో చిక్కించుకుని బయటికి పట్టుకుపోతుంది. కాలేయం కొత్త సబ్బు చేసుకోవాలి. దానికి కొలెస్ట్రాల్ కావాలి. రక్తంలోంచి లాక్కుంటుంది.

లాక్కోవడానికి దాని ఒంటి మీద తలుపుల్లాంటివి ఉంటాయి. అవసరం పడితే వాటి సంఖ్య పెంచుకుంటుంది. ఆ తలుపుల్ని కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు డాక్టర్లకి 1985లో నోబెల్ వచ్చింది. అవి బీరువా తలుపులు అనుకుందామా? కాదు, అమ్మకే ఉండాలి. అమ్మకి తలుపులేమిటి? సరే, సబ్బు కథ కదా, జారిపోయింది. వదిలేయండి.

వెన్న, మీగడ, కొవ్వు మాంసం, కొబ్బరి నూనె ఎక్కువైతే ఆ తలుపులే తగ్గుతాయి. అందుకే డాక్టరు గుడ్డు గురించి కన్నా వెన్న గురించే ఎక్కువ కోప్పడ్డారు. జిగురు పీచు మాత్రం రోజుకి 3 గ్రాములు కావాలట, అంటే ఇంచుమించు 75 గ్రాముల ఓట్స్. దానితో చెడ్డ కొలెస్ట్రాల్ నూటికి 5 నుంచి 10 పాళ్ళు తగ్గుతుంది. అంతే. అద్భుతాలేమీ ఆశించకండి. మొక్కల్లోనూ కొలెస్ట్రాల్‌కి చుట్టమొకటి ఉంది, స్టెరాల్ అంటారు. కుర్చీలాటలో మీకన్నా ముందు వచ్చి కూర్చునే పిల్లాడిలా అది పేగులో చోటు ఆక్రమించి అసలు కొలెస్ట్రాల్‌ని లోపలికి రానివ్వదు. రోజుకి 2 గ్రాములు చాలు. అయితే మామూలు తిండిలో అంత దొరకదు కాబట్టి దాన్ని విడిగా అమ్ముతారు.

విడిగా అమ్మేవాటి మాట వచ్చింది కాబట్టి నా తెలివితక్కువ పనొకటి చెప్తాను, మీ అమ్మకి చెప్పకండి. "సహజమైనది" అని రాసి ఉందని ఎర్ర ఈస్ట్ బియ్యం క్యాప్సూల్స్ కొని, కొలెస్ట్రాల్ తగ్గడానికి డాక్టరిచ్చిన స్టాటిన్ మాత్రతో పాటు వేసుకున్నాను. రెండు వారాలకి పిక్కలు ఒకటే నొప్పి. సీసా చూసి డాక్టరు తల పట్టుకున్నారు. అందులో ఉండే మొనకోలిన్ కె, లోవాస్టాటిన్ అనే మందు రెండూ ఒకటేనట! నేను ఒకే జాతి మందుని రెండు చేతులతో మింగుతున్నానన్నమాట. పైగా ఏ సీసాలో అది ఎంత ఉందో చెప్పలేం. చేప నూనె మాత్రలూ కొన్నాను. అవి రక్తంలో వేరే రకం కొవ్వుని తగ్గిస్తాయి గానీ దీన్ని కాదు. ఏం మింగుతున్నా ముందు డాక్టరుకి చెప్పాలిరా. ఓట్స్ తింటున్నాం కదా అని మాత్రలు మానేయకూడదు కూడా. కొందరికి పుట్టుకతోనే ఆ తలుపులు సరిగ్గా ఉండవు. సుమారు 250 మందిలో ఒకరు అలాంటివాళ్ళు. పాపం ఎంత జావ తాగినా వాళ్ళకి సరిపోదు.

చిన్నా, నువ్వు వెన్న మానేశావని విన్నాను. నా కోసం మానకు. కొలెస్ట్రాల్ విషం కాదురా, నీ ఒంట్లో ప్రతి కణం గోడలోనూ అది ఉంది, లేకపోతే కణం నిలబడదు. అందులో ఎక్కువ భాగం మన ఒళ్ళే తయారుచేసుకుంటుంది కూడా. ఏమీ తినని రాత్రి, నువ్వు నిద్రపోతున్నప్పుడు కూడా, కాలేయం దాన్ని చేస్తూనే ఉంటుంది. ఎంత చేయాలో దానికి ఎవరు చెప్తారో పుస్తకంలో రెండు పేజీలు రాశారు. నేను మూడుసార్లు చదివి, మూసి, కాసేపు అలా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఆదివారం పొద్దున్న అమ్మనడిగి గుప్పెడు ఓట్స్ నీళ్ళలో బాగా ఉడికించండి. పాలూ చక్కెరా వద్దు. చల్లారాక చెంచా ముంచి మెల్లగా పైకెత్తి చూడండి. సాగుతూ వచ్చే ఆ జిగురు తీగే నేను చెప్పిన దొంగ. ఎంత పొడవు సాగిందో స్కేలుతో కొలిచి నాకు రాయండి.

మీ తాతయ్య