ఆర్బిట్రేషన్‌లో ఆడవాళ్లు: అపోహలు - వాస్తవాలు

మా ఊళ్లో తగవు వస్తే పెద్దమనుషుల్లో పెట్టేవారు. రచ్చబండ మీద కూర్చున్న ఆ పెద్దమనుషుల్లో ఒక్క ఆడమనిషిని కూడా నేను చూడలేదు. ఆడపిల్ల విషయానికి వస్తే ఆ మాటకు అర్థమే మారిపోతుంది. మగవాడు పెద్దమనిషి అయితే నలుగురికీ తీర్పు చెబుతాడు. ఆడపిల్ల పెద్దమనిషి అయితే మూల గదిలో చాప వేసి కూర్చోబెడతారు. ఒకే మాట ఒకరిని అరుగు ఎక్కించింది, మరొకరిని గదిలోకి పంపింది.

హైదరాబాద్‌లో పద్దెనిమిదేళ్లుగా ఆర్బిట్రేషన్ కేసులు, అంటే కోర్టుకు బదులు పక్షాలు ఒప్పుకున్న తీర్పరుల ముందు తేల్చుకునే వ్యాపార తగాదాలు, వాదిస్తున్నాను. కొన్నేళ్లుగా ఆర్బిట్రేటర్‌గానూ కూర్చుంటున్నాను. రచ్చబండ పోయి ఏసీ గదులు వచ్చాయి, కానీ ఆ పాత లెక్క ఇంకా మనసుల్లోంచి పోలేదు. లా చదివే అమ్మాయిలు, కంపెనీల్లో న్యాయ వ్యవహారాలు చూసేవారు, పెళ్లిళ్లలో కలిసే చుట్టాలు నాతో అనే మాటల్లో కొన్నింటికి ఇక్కడ జవాబు చెబుతాను.

అపోహ: ఆర్బిట్రేషన్ అంటే రాజీ కుదర్చడం. ఆడవాళ్లకు ఓర్పు ఎక్కువ కాబట్టి బాగా నప్పుతుంది.

ఈ పొరపాటులో సగం మన భాషది. పత్రికల్లో మీడియేషన్‌కూ ఆర్బిట్రేషన్‌కూ కూడా మధ్యవర్తిత్వం అనే రాస్తారు. రెండూ వేరు. మీడియేటర్ ఇద్దరినీ మాట్లాడించి ఒప్పందానికి తెస్తారు, ఇష్టం లేకపోతే ఎవరైనా లేచి వెళ్లిపోవచ్చు. ఆర్బిట్రేటర్ మాత్రం సాక్ష్యం విని, చట్టం చూసి తీర్పు చెబుతారు. ఆ తీర్పును అవార్డు అంటాం. 1996 నాటి మన ఆర్బిట్రేషన్ చట్టం 36వ సెక్షన్ ప్రకారం దాన్ని కోర్టు డిక్రీలాగే అమలు చేయవచ్చు. కొట్టేయమని అడగాలంటే 34వ సెక్షన్ కింద మూడు నెలల్లో కోర్టుకు వెళ్లాలి. అక్కడా కారణాలు చాలా పరిమితం. ఆర్బిట్రేటర్ సాక్ష్యాన్ని తప్పుగా తూచారని అంటే సరిపోదు.

పక్షాల్లో ఒకరైనా విదేశీయులైతే అది అంతర్జాతీయ వాణిజ్య ఆర్బిట్రేషన్. ఒక దేశంలో ఇచ్చిన అవార్డును మరో దేశంలో అమలు చేయించే 1958 నాటి న్యూయార్క్ ఒప్పందంలో 170కి పైగా దేశాలు ఉన్నాయి. మన మందుల కంపెనీ ఒకటి సింగపూర్‌లో గెలిచిన అవార్డును పట్టుకుని, ఓడిన కంపెనీ ఆస్తి బ్రెజిల్‌లో ఉంటే బ్రెజిల్ కోర్టు తలుపు తట్టవచ్చు. కోర్టు డిక్రీకి దేశం దాటితే అంత బలం ఉండదు. ఈ రంగం ప్రాణమంతా ఆ ఒప్పందంలోనే ఉంది.

ఇక ఓర్పు సంగతి. అది మెచ్చుకోలుగా అంటారని తెలుసు. కానీ ఆ మెచ్చుకోలు వల్ల నష్టపోయిన అమ్మాయిలను చూశాను. ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరిలో అబ్బాయికి క్రాస్ ఎగ్జామినేషన్, అంటే అవతలి సాక్షిని ప్రశ్నించే పని, నోట్సు ఇస్తారు. అమ్మాయికి కుటుంబ వివాదం, మీడియేషన్ ఫైలు ఇస్తారు. పదేళ్లు గడిచాక ఆమెకు వాణిజ్య కేసుల్లో అనుభవం లేదంటారు. మీడియేషన్ తక్కువ పని అని నేను అనను, కానీ దాన్ని ఎంచుకోవలసింది ఆ అమ్మాయి.

అపోహ: రిటైర్డ్ జడ్జీలే ఆర్బిట్రేటర్లు కావాలి.

చట్టంలో అలా ఎక్కడా లేదు. ఏ దేశస్థులైనా ఆర్బిట్రేటర్‌గా ఉండవచ్చని 11వ సెక్షన్ చెబుతుంది. 2019 సవరణలో ఎనిమిదో షెడ్యూలు పెట్టి అర్హతల పట్టిక రాశారు, 2021 సవరణలో దాన్ని తీసేశారు. ఇంజనీరు, చార్టర్డ్ అకౌంటెంట్, ప్రొఫెసర్, ఎవరైనా కావచ్చు. స్వతంత్రంగా, నిష్పక్షపాతంగా ఉండాలి, అంతే.

ఈ అపోహ ఆడవాళ్లకు ఎందుకు అడ్డమో లెక్క చూస్తే తెలుస్తుంది. సుప్రీంకోర్టు 1950లో ఏర్పడితే తొలి మహిళా న్యాయమూర్తి జస్టిస్ ఫాతిమా బీవీ వచ్చింది 1989లో. తెలంగాణ హైకోర్టుకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ హిమా కోహ్లీ, 2021లో. రిటైరైన జడ్జీల్లోంచే ఎంచుకుంటామని పట్టుబడితే, ముప్పై ఏళ్ల కిందట ఎవరిని జడ్జీలుగా తీసుకున్నారో వారినే ఇవాళ కూడా ఎంచుకున్నట్టు. జస్టిస్ ఇందూ మల్హోత్రా 2018లో న్యాయవాద వృత్తి నుంచి నేరుగా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన తొలి మహిళ. అంతకు ముందే ఆర్బిట్రేషన్ చట్టంలో ఆమెది పేరున్న చేయి. జడ్జి పదవి ఆమెకు ఆ విద్య నేర్పలేదు.

అపోహ: సిమెంటు, ఇనుము, టర్బైన్ల తగాదాలు ఆడవాళ్లకు పట్టవు.

నేను జూనియర్‌గా ఉన్న రోజుల సంగతి చెబుతాను. ఒక విద్యుత్ కేంద్రం పనుల తగాదా. ప్రధాన కాంట్రాక్టరు విదేశీ కంపెనీ, సివిల్ పనులు చేసిన మన హైదరాబాద్ కంపెనీ మా క్లయింటు. పని ఆలస్యానికి కారణం మీరంటే మీరని వాదన. వానాకాలంలో ఒక వారం పునాది పని ఆగింది. గుంతలో నీళ్లు నిలిచాయి, తోడే పంపులు మీరు ఇవ్వలేదని మావాళ్లు హిండ్రెన్స్ రిజిస్టర్‌లో, అంటే పని ఎందుకు ఆగిందో రాసే పుస్తకంలో, రాసుకున్నారు. దాని మీద అవతలి ఇంజనీరు సంతకం లేదు. అది తర్వాత పుట్టించిన రాత అని, అసలు మీ కూలీలు వెళ్లిపోయినందువల్లే పని ఆగిందని అవతలి సాక్షి వాంగ్మూలం.

సోమాజిగూడలో ఒక గదిలో మూడు వారాలు కాగితాలు తిరగేశాను. అట్టపెట్టెల్లో సిమెంటు దుమ్ము ఉండేది, సాయంత్రానికి వేళ్లు బిరుసెక్కిపోయేవి. కాంక్రీటు పోసే ముందు ప్రతిసారీ పోర్ కార్డు అని ఒక కాగితం నింపుతారు. కడ్డీలు సరిగ్గా కట్టారా, కాంక్రీటు పోసే చెక్క అచ్చు గట్టిగా ఉందా అని చూసి రెండు పక్షాల ఇంజనీర్లూ సంతకం పెడితేనే పోస్తారు. పోసిన రోజుల కార్డులనే అందరూ చూశారు. పోయని రోజుల కార్డులు వేరే కట్టలో ఉన్నాయి. అందులో ఆ వారం కార్డు ఒకటి దొరికింది. అవతలి కంపెనీ నాణ్యత ఇంజనీరు పెన్నుతో అడ్డంగా గీసి, గుంతలో నీరు ఉంది, పోయవద్దు అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాడు.

విచారణ సింగపూర్‌లో. ముగ్గురు ఆర్బిట్రేటర్లూ మగవారు, రెండు వైపులా వాదించేవారు మగవారు. ఆ గదిలో ఆడవాళ్లం ఇద్దరమే, నేనూ, ప్రతి మాటనూ అప్పటికప్పుడు తెర మీదికి ఎక్కించే ట్రాన్స్‌క్రిప్ట్ రిపోర్టరూ. మా సీనియర్ క్రాస్ చేస్తూ ఆ కార్డు సాక్షి ముందు పెట్టారు. సాక్షి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. అవును, ఇది మా ఇంజనీరు రాతే అన్నాడు. ఆ వాక్యం నా ఎదుట తెర మీద ఒక్కో మాటగా పడటం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

ఈ వృత్తిలో తొంభై పాళ్లు ఇదే పని. కట్టలు విప్పాలి, తేదీలు కలపాలి, ఎవరూ చూడని కాగితం చూడాలి. కాంక్రీటు గురించి నాకు అంతకు ముందు ఏమీ తెలియదు. మా సీనియర్‌కూ తెలియదు. ఆయనను మాత్రం ఎవరూ అడగలేదు.

అపోహ: మనం వేసుకున్న ఆర్బిట్రేటర్ మన మనిషి. ఆడమనిషి అయితే ఇంకా మెత్తగా ఉంటుంది.

ముగ్గురుండే ట్రిబ్యునల్‌లో చెరొక పక్షం ఒకరిని నియమించడం మామూలే. నియమించిన మరుక్షణం నుంచి ఆ మనిషి ఎవరి మనిషీ కాదు. 12వ సెక్షన్ ప్రకారం ఏ పక్షంతోనైనా తనకున్న సంబంధాలన్నీ ముందే రాతపూర్వకంగా చెప్పాలి.

మన కథల్లో ఉభయభారతిని తలచుకోండి. ఆది శంకరులకూ మండన మిశ్రునికీ జరిగిన వాదానికి తీర్పరి ఆమె. ఓడినవారు తమ దారి విడిచి గెలిచినవారి దారి పట్టాలన్నది పందెం. మండనుడు ఆమె భర్త. ఇవాళ్టి చట్టం ఏడో షెడ్యూలు ప్రకారం భార్య ఆ పీఠం మీద కూర్చోవడానికి అనర్హురాలు. అయితే వివాదం తలెత్తిన తర్వాత రెండు పక్షాలూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆ అనర్హతను వదులుకోవచ్చునని 12వ సెక్షనే చెబుతుంది. కథలోనూ ఇద్దరూ తెలిసే ఒప్పుకున్నారు. ఆమె భర్త ఓడిపోయాడనే తీర్పు చెప్పింది. భర్త సన్యాసం పుచ్చుకుంటే తన సంసారం ఏమవుతుందో తెలిసీ చెప్పింది. నిష్పక్షపాతం అంటే ఏమిటని జూనియర్లు అడిగితే నేను చెప్పే ఉదాహరణ అదే.

అపోహ: రాత్రింబవళ్లు పని, విమాన ప్రయాణాలు, పిల్లలున్న ఆడవాళ్లకు కుదరదు.

పని వేళలు కష్టమే, దాచను. లండన్‌లో ఉదయం తొమ్మిదికి విచారణ మొదలైతే ఇక్కడ వేసవిలో మధ్యాహ్నం ఒకటిన్నర, చలికాలంలో రెండున్నర. ముగిసేసరికి రాత్రి పది దాటుతుంది. సింగపూర్ తొమ్మిదిన్నర అంటే మనకు ఉదయం ఏడు. కానీ విచారణ తేదీలు ఏడాది ముందే ఖరారవుతాయి. ఫలానా వారం నాది కాదని ఇంట్లో ముందే చెప్పుకోవచ్చు. రోజూ కోర్టులో కేసు ఎప్పుడు పిలుస్తారో తెలియక సాయంత్రం దాకా వరండాలో నిలబడే తల్లులకు ఆ వెసులుబాటు ఏది? 2020 తర్వాత చిన్న విచారణలు చాలా వరకు ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి. మా అబ్బాయి పదో తరగతి పరీక్షల వారంలో నేను ఇంట్లోంచే కూర్చుని ఒక నిపుణుణ్ని క్రాస్ చేశాను. వంట మా ఆయన చేశారు. మగ లాయర్ల ఇళ్లలో ఆ వంట ఎవరు చేశారని ఎవరూ అడగరు, అందుకే చెబుతున్నాను.

అపోహ: దీనికి విదేశీ డిగ్రీ, విదేశీ యాస కావాలి. హైదరాబాద్‌లో ఉంటే కాదు.

హైదరాబాద్‌లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రాన్ని 2021 డిసెంబరు 18న అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ ప్రారంభించారు. శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో ఈ సబ్జెక్టు చెబుతున్నారు. కావలసింది తేటగా రాయగలగడం. ట్రిబ్యునల్‌లో ఒకరు కొరియా నుంచి, ఒకరు ఫ్రాన్స్ నుంచి ఉంటారు, వాళ్లకూ ఇంగ్లిషు అరువు భాషే. పొట్టి వాక్యాలు రాసేవారినే వాళ్లు ఇష్టపడతారు.

అపోహ: వేద్దామన్నా సమర్థులైన మహిళల పేర్లు దొరకవు.

అన్నిటికంటే ఎక్కువగా వినేది ఇదే. అన్నిటికంటే బాధ కలిగించేదీ ఇదే.

1923లో, ఆడవాళ్లు వకీళ్లు కాకూడదన్న అడ్డును తొలగించే చట్టం మన దేశంలో వచ్చింది. అదే ఏడాది పారిస్‌లో ఇంటర్నేషనల్ చాంబర్ ఆఫ్ కామర్స్ (ఐసీసీ) ఆర్బిట్రేషన్ కోర్టు ఏర్పడింది. ఆ కోర్టుకు తొలి మహిళా అధ్యక్షురాలు క్లాడియా సాలమన్ పదవి చేపట్టింది 2021లో. ఇక ఆర్బిట్రేటర్ల సంగతి. ఇంటర్నేషనల్ కౌన్సిల్ ఫర్ కమర్షియల్ ఆర్బిట్రేషన్ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం నియామకాల్లో మహిళల వాటా 2015లో 12.2 శాతం, 2019లో 21.3 శాతం. అందులోనే ఇంకో లెక్క ఉంది. 2019లో ఆర్బిట్రేషన్ సంస్థలు చేసిన నియామకాల్లో మహిళలు 34 శాతం. పక్షాలు స్వయంగా చేసిన నియామకాల్లో 13.9 శాతం. అదే ప్రపంచం, అదే ఏడాది. సంస్థలకు దొరికిన పేర్లు కంపెనీలకూ వాళ్ల లాయర్లకూ ఎందుకు దొరకలేదు?

కారణం దురుద్దేశమని నేను అనుకోను. ఈ రంగమంతా గోప్యం. మన చట్టం 42ఏ సెక్షన్ కూడా అదే చెబుతుంది. కోర్టు తీర్పులు అందరూ చదువుతారు, అవార్డు మాత్రం బయటికి రాదు. ఎవరు బాగా రాశారో, ఎవరు విచారణను గట్టిగా నడిపారో ఆ గదిలో ఉన్నవారికే తెలుసు. కాబట్టి పేరు నోటి మాటగానే పాకుతుంది. గదిలో మగవారే ఉంటే మగవారి పేర్లే పాకుతాయి.

ఆ విద్యుత్ కేంద్రం కేసు గెలిచాక అదే క్లయింటుకు మరో తగాదా వచ్చింది. ఆర్బిట్రేటర్ పేర్లు రాసి ఇమ్మని మా సీనియర్ నాకే చెప్పారు. అరగంటలో తొమ్మిది పేర్లు రాశాను. పేరు, అనుభవం, ఎంత కాలంలో అవార్డు ఇస్తారు, అన్నీ నీటుగా. ఆయన సంతకం పెట్టి పంపేశారు. నెల తర్వాత ఫైలులో ఆ కాగితం మళ్లీ కంటపడింది. తొమ్మిదిమందీ మగవారే. రాసింది నేను. ఎవరూ ఆడవాళ్లను వద్దనలేదు. నాకు గుర్తుకు రాలేదు, అంతే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

2016లో లండన్‌లో మొదలైన సమాన ప్రాతినిధ్య ప్రతిజ్ఞ అడిగేది ఆ కాగితం గురించే. కొందరు అది రిజర్వేషన్ అనుకుంటారు. అందులో కోటా ఏదీ లేదు. జాబితా రాసేటప్పుడు అర్హులైన మహిళల పేర్లు సాధ్యమైనంత వరకు ఉండేలా చూడమంటుంది. ఎంచుకోవడం క్లయింటు ఇష్టం. 1993లో మొదలైన ఆర్బిట్రల్ విమెన్ అనే సంఘం దగ్గర ఎన్నో దేశాల మహిళల వివరాలున్నాయి. వెతికితే దొరుకుతాయి.

ఇప్పుడు నా బల్ల సొరుగులో ఒక నోటు పుస్తకం ఉంది. నేను పనిచేసిన, ఎదుర్కొన్న, విన్న ప్రతి మంచి మహిళా లాయరు, ఇంజనీరు, లెక్కల నిపుణురాలి పేరు అందులో రాసుకుంటాను. పక్కనే ఒక వాక్యం ఉంటుంది, ఆమె ఏ పని బాగా చేసిందో. ఆలస్యం లెక్కలు విడదీసి చూపింది అనో, అరిచే లాయరును ఒక్క మాటతో కూర్చోబెట్టింది అనో. క్లయింటుకు జాబితా పంపేముందు ఆ పుస్తకం తెరుస్తాను. పోయిన నెల అలా పంపిన అయిదు పేర్లలో రెండోదాన్ని ఒక బల్క్ డ్రగ్ కంపెనీ ఎంచుకుంది. ఆవిడ వయసు నలభై నాలుగు, ఆర్బిట్రేటర్‌గా ఇదే మొదటి నియామకం. మొదటి విచారణ ఆన్‌లైన్‌లో, మన సమయం ఉదయం ఏడింటికి.