మత్తుమందుల అమ్మకాలపై గోప్యంగా సమాచారం ఇవ్వడం: అపోహలు - వాస్తవాలు

మత్తుమందుల అమ్మకాల గురించి సమాచారం ఇచ్చే ఫోన్ లైన్‌లో నేను కాల్స్ అందుకుంటాను. చాలామంది మొదట ఏమీ మాట్లాడరు, కాసేపటికి గొంతు బాగా తగ్గించి, "నా పేరు బయటికి రాదు కదండీ?" అని అడుగుతారు. ఆ భయాన్ని నేను ఎన్నడూ తేలికగా తీసుకోను.

అపోహ: ఎవరు చెప్పారో ఎలాగైనా తెలిసిపోతుంది.

వాస్తవం: కొన్ని లైన్లు అసలు పేరే అడగవు, కొన్ని పేరు రాసుకుని రహస్యంగా ఉంచుతాయి, మీరు చేసినది ఏ రకమో ముందే అడిగి తెలుసుకోండి. 1976లో అమెరికాలోని ఆల్బుకర్క్‌లో మొదలైన క్రైమ్ స్టాపర్స్ మొదటి రకానిది. కెనడాలో అదే పేరుగల లైన్‌కు, ఒక ఇంటి నేలమాళిగలో గంజాయి పెంచుతున్నారని కాల్ వచ్చింది. ఆ కాల్ వివరాలు రాసుకున్న కాగితం తనకు ఇవ్వాలని నిందితుడు కోరగా, 1997లో అక్కడి సుప్రీంకోర్టు నిరాకరించింది. కాల్ వచ్చిన సమయం వంటి చిన్న వివరమైనా చెప్పినవారిని పట్టించవచ్చునని, నిందితుడు నిర్దోషి అని నిరూపించడానికి అవసరమైతే తప్ప ఈ రక్షణను సడలించరాదని తేల్చింది. మా పనిలో ఇది రోజూ ఎదురయ్యే విషయమే. "మా మేడ మెట్ల మీది నుంచి వాళ్ల వెనుక తలుపు కనిపిస్తుంది" అని ఎవరైనా అంటే, వెనుక తలుపు దగ్గర ఏం జరిగిందో రాస్తాను కాని మెట్ల మాట రాయను. నిజానికి నాకు ఎక్కువ దిగులు కలిగించేది, ఫోన్ పెట్టేశాక ఆ సంగతిని నమ్మకస్తులనుకుని ఒకరిద్దరికి చెప్పుకోవడం.

అపోహ: రుజువు లేనిదే ఫోన్ చేయకూడదు.

వాస్తవం: రుజువు సేకరించడం పోలీసుల పని. దయచేసి ఎవరినీ వెంబడించకండి, ఫొటోలు తీయకండి. ఏ వేళల్లో, ఎన్నిసార్లు, ఏ వాహనంలో వచ్చారో చెప్పండి. కళ్లారా చూసినదాన్ని, ఇతరుల నోట విన్నదాన్ని విడివిడిగా చెప్పండి. కళ్లెదుటే ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉంటే మాత్రం మాకు కాదు, అత్యవసర నంబరుకు చేయాలి.

అపోహ: కాల్ చేసినా ఏమీ జరగలేదంటే పట్టించుకోలేదన్నమాట.

వాస్తవం: పేరు తెలియని ఒక్క కాల్‌ను పట్టుకుని సోదా చేయడానికి చాలా చోట్ల చట్టం ఒప్పుకోదు. బస్టాపు దగ్గర గళ్ల చొక్కా వేసుకున్న యువకుడి వద్ద తుపాకీ ఉందని అమెరికాలో ఒక కాల్ వచ్చింది, వెతికితే తుపాకీ దొరికింది కూడా. అయినా కాల్ తప్ప వేరే ఆధారం లేనందున ఆ సోదా చెల్లదని 2000లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పగతో చేసిన కాల్ అమాయకుడి ఇంటి తలుపు తట్టకుండా అడ్డుపడేది కూడా ఈ నియమమే. పైన చెప్పిన గంజాయి కేసులోనూ పోలీసులు జాగిలంతో వెళ్లి సొంతంగా నిర్ధారించుకున్నాకే వారెంట్ తెచ్చుకున్నారు. ఇందుకు రోజులు పట్టవచ్చు, మీ పేరు మా దగ్గర ఉండదు కనుక మేము తిరిగి ఫోన్ చేసి చెప్పలేము. కొన్ని లైన్లు కాల్‌కు ఒక గుర్తింపు సంఖ్య ఇస్తాయి. కొత్తగా ఏదైనా కనిపిస్తే ఆ సంఖ్య చెప్పి మళ్లీ చేయండి. రెండోసారి చెప్పిన వేళలు మొదటివాటితో సరిపోలితే ఎప్పుడు నిఘా పెట్టాలో దర్యాప్తు చేసేవారికి తెలుస్తుంది.